హాజరు పలకాలనే మా కోరిక

మొదటిరోజు నేను క్లాసులోకి అడుగుపెట్టగానే ముందు బెంచీలవాళ్ళు లేచి నిలబడ్డారు. కొత్త లెక్చరరు వచ్చాడనుకున్నారు పాపం! నేను పోయి మూడో వరసలో కూచున్నాక ఒకటే నవ్వులు. ఇప్పుడు వాళ్ళంతా నన్ను "బాబాయ్" అని పిలుస్తారు. 47 ఏళ్ళ వయసులో ఎల్.ఎల్.బి. రెండో సంవత్సరం చదివేవాడికి అంతకన్న మంచి పిలుపు ఏముంటుంది? సావనీరుకు ఏదన్నా రాయమని సంఘం కార్యదర్శి అడిగినప్పుడు, మావంటి ముదురు విద్యార్థుల గోడు ఒకటి విన్నవించుకుందామనిపించింది. ఐతే అది అర్థం కావాలంటే కొంచెం సొంత కథ తప్పదు.

నేను వృత్తిరీత్యా దస్తావేజు లేఖరిని. ఇంటరు తర్వాత దూరవిద్యలో బి.ఏ. పూర్తిచేసి, రిజిస్ట్రారాఫీసు ఎదుట బల్ల వేసుకుని పాతికేళ్ళుగా క్రయ, దాన, తనఖా పత్రాలు రాస్తున్నాను. 2003లో ఒకనాడు ఇద్దరు అన్నదమ్ములు అక్కను వెంటబెట్టుకుని వచ్చారు. తండ్రి పోయాడు; ఉమ్మడి భూమిలో ఆవిడకేమీ హక్కు లేదని విడుదల పత్రం రాయాలి. రాశాను. ఆవిడ వేలిముద్ర వేయబోతూ, "ఇందులో ఏం రాశావు తమ్ముడూ?" అనడిగింది. "మామూలేనక్కా, నీకివ్వాల్సింది పెళ్ళిలోనే ఇచ్చారని" అన్నాను. వేసేసింది. నా రుసుము నాకు ముట్టింది.

ఇరవై ఏళ్ళు దాటాక, కుటుంబ చట్టం పాఠంలో మా మేడమ్ 1986 నాటి సవరణ చెప్పారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. ఆ అక్క పెళ్ళి 1991లో జరిగిందని పత్రంలో నా చేత్తో నేనే రాశాను! అంటే ఆవిడకు హక్కుంది. ఉన్న హక్కును తెలిసి వదులుకుంటే అది ఆవిడ ఇష్టం. లేదని చెప్పి రాయించడం వేరు. 2005లో దేశమంతటికీ ఇటువంటి చట్టమే వచ్చింది గాని, 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన బదిలీలనూ పంపకాలనూ అది కదిలించదు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఇది చెప్పడం జాలికోసం కాదు. న్యాయశాస్త్రం చదవాల్సినవాళ్ళు ఇంటరు పాసైన పిల్లలు మాత్రమే కారని చెప్పడానికి. రోజూ చట్టంతోనే పనిపడుతూ, అది తెలియకుండానే పని చేస్తున్న లేఖరులు, గుమాస్తాలు, కానిస్టేబుళ్ళు, రెవెన్యూ ఉద్యోగులు, యూనియన్ కార్యకర్తలు వేలమంది ఉన్నారు. వాళ్ళ తప్పులకు మూల్యం చెల్లించేది వేలిముద్ర వేసేవాళ్ళే.

వయసు విషయంలో తలుపు ప్రస్తుతానికి తెరిచే ఉంది. బార్ కౌన్సిల్ 2008 నియమాలలో మూడేళ్ళ కోర్సుకు 30 ఏళ్ళ పరిమితి పెట్టింది. 2016లో దాన్ని మళ్ళీ అమల్లోకి తేబోతే 2017 మార్చిలో సుప్రీంకోర్టు నిలిపివేసింది. ఇక ముసలి బుర్రకు సెక్షన్లు ఎక్కవంటారా? 2024 జూలై 1న ఆ ముచ్చటా తీరింది. హత్య 302 నుంచి 103కు పోయింది. మనం తిట్టుగా వాడుకునే 'ఫోర్ ట్వంటీ' కాస్తా 318 అయి కూచుంది. ముప్ఫై ఏళ్ళ ప్రాక్టీసున్న ప్లీడరుగారు కూడా మాతోపాటే పలక పట్టారు!

మరి అడ్డు ఎక్కడ? గడియారంలో. ప్రతి సబ్జెక్టులోనూ 70 శాతం హాజరుండాలని నియమం. నియమం సరైనదే. వైద్యం లాగే ఇదీ ఇంట్లో కూచుని నేర్చుకునే విద్య కాదు. కాని కాలేజీ పదింటికి తెరిచి నాలుగింటికి మూస్తారు. కొంచెం అటూ ఇటూగా ఆఫీసులూ అంతే. అందుచేత ఉద్యోగస్థుడికి మూడే దారులు. ఉద్యోగం మానాలి, చదువు మానాలి, లేదా దూరాన ఎక్కడో పేరు రాయించుకుని పరీక్షలకు మాత్రం పోవాలి. మూడో దారిలో జనం ఎక్కువని అందరికీ తెలుసు. హాజరుపట్టీకి మాత్రం తెలియదు. న్యాయం నేర్చుకోవడానికి వచ్చినవాడి మొదటి పాఠం దొంగహాజరా? నేను బల్లను మేనల్లుడికి అప్పగించి వస్తున్నాను. ఆదాయం సగమైంది. ఈ మాత్రం వెసులుబాటు ఎంతమందికుంటుంది?

సాయంకాలపు లా కాలేజీలు డిగ్రీలు అమ్మే దుకాణాలైపోయాయనీ, అందుకే వాటిని కట్టిపెట్టారనీ పెద్దలంటారు. అందులో నిజం లేకపోలేదు. ఐతే చెడింది చదువుగాని సాయంకాలం కాదు గదా! పగటి కాలేజీలలో మాత్రం ఖాళీ బెంచీలు లేవా? పైగా ఇప్పుడు పట్టా చేతికొచ్చినంత మాత్రాన ప్రాక్టీసు ఖాయం కాదు. 2010లో తెచ్చిన అఖిల భారత బార్ పరీక్ష ఒకటుంది. ఆ పరీక్ష పెట్టే అధికారం కౌన్సిలుకు ఉందని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. వడపోత అక్కడుంది.

నేను రాయితీ అడగడం లేదు. లెక్క చెబుతాను, వినండి. నియమాల ప్రకారం తరగతులు ఉదయం 8 నుంచి సాయంత్రం 7 లోపల జరపవచ్చు. వారానికి 30 గంటల బోధన ఉండాలి. అందులో ఉపన్యాసాలు 24 గంటలకు తగ్గరాదు. ఉదయం 8 నుంచి 10, సాయంత్రం 5 నుంచి 7. రోజుకు నాలుగు గంటలు, ఆరు రోజులకు 24. మిగిలిన ఆరు గంటలు మూట్ కోర్టుకూ ట్యుటోరియళ్ళకూ ఆదివారం. ఒక్క గంట కూడా దొంగిలించనక్కర్లేదు. ఇటువంటి సెక్షను ఒకటి వేరుగా పెట్టి, సీట్లు పెంచి అనుమతి తెచ్చుకుంటే పిల్లల సీట్లకూ ఢోకా లేదు. లెక్చరర్లకు శ్రమే, అదనపు పనికి అదనపు జీతం ఇవ్వాల్సిందే. మాకూ శ్రమే. కాని అది మేం కోరి తెచ్చుకునే శ్రమ.

దీనివల్ల కుర్రవాళ్ళకు నష్టమా? మా క్లాసే చెబుతుంది. ఇంగ్లీషు తీర్పు చదివి అందులో అసలు తేల్చిన అంశమేదో పట్టుకోవడం నాకు ఇరవై మూడేళ్ళ అమ్మాయి నేర్పింది. అడంగల్ చదవడం, లింకు డాక్యుమెంట్లలో హద్దులు ఎక్కడ మారాయో కనిపెట్టడం ఆ బృందానికి నేను నేర్పాను. ఎవరి గురుదక్షిణ వాళ్ళకు టీ కొట్టు దగ్గరే చెల్లింది.

కాబట్టి సంఘం మిత్రులకు నా విన్నపం ఒక్కటే. ఈసారి ప్రిన్సిపాలుగారికిచ్చే కోరికల పట్టీలో క్యాంటీను, బస్‌పాసుల పక్కన దీన్ని కూడా చేర్చండి. అధ్యాపకులు విశ్వవిద్యాలయానికి రాయండి. బార్‌లో ఉన్న పూర్వ విద్యార్థులు కౌన్సిలు చెవిన వేయండి. మేం హాజరు తప్పించుకోవాలని చూడడంలేదు, పలకాలనే చూస్తున్నాం. రేపు ఇంకొక అక్క ఎవరైనా "ఇందులో ఏం రాశావు?" అనడిగితే, బల్ల ముందు కూచున్నవాడు తెలిసి జవాబు చెప్పాలి.