పారవేసిన చిన్న పొట్లము

పత్తి గింజల సంచి విప్పినప్పుడు అందులో మరియొక చిన్న పొట్లము ఉండెడిదని మీలో చాలమందికి జ్ఞాపకముండును. పెద్ద పొట్లములో 450 గ్రాముల బి.టి. గింజలు, చిన్న దానిలో 120 గ్రాముల మామూలు పత్తి గింజలు. ఈ మామూలు గింజలను పొలము చుట్టును అయిదు సాళ్లుగా గాని, మొత్తము పత్తిలో అయిదవ వంతుగా గాని, ఏది ఎక్కువైన అంతమేరకు విత్తవలెనని నియమము. మీరు ఏమి చేసితిరి? నేను చాల గ్రామములలో అడిగి చూచితిని. గట్టు మీద పారబోసితిమని కొందరు, పొట్లము విప్పనే లేదని కొందరు చెప్పిరి. ఒక పెద్దాయన మాత్రము నన్నే ఎదురు ప్రశ్న వేసెను: "పురుగుకు కౌలు కట్టడానికా అయ్యా నేను సేద్యం చేసేది?"

ఆనాడు ఆయనకు తృప్తి కలుగునట్లు నేను జవాబు చెప్పలేకపోతిని. ఇప్పుడు చెప్పుటకు ప్రయత్నింతును.

జన్యుమార్పిడి పంటల వలన పర్యావరణమునకు కీడు కలుగునా అని పట్టణములలో పెద్ద పెద్ద వాదములు జరుగుచున్నవి. బి.టి. వంగ విడుదలను కేంద్ర ప్రభుత్వము 2010లో నిలిపివేసినది. జన్యుమార్పిడి ఆవాలకు 2022లో అనుమతి లభించినను, 2024లో సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరియొక తీర్పు చెప్పిరి. కాని రైతుకు స్వానుభవమున్న జన్యుమార్పిడి పంట మన దేశములో పత్తి ఒక్కటే. కనుక ముప్పును గూర్చి మాటలాడదలచినవారు ముందుగా పత్తి చేను దగ్గర నిలబడి మాటలాడుట మంచిది.

నేలలో నివసించు బాసిల్లస్ తురింజియెన్సిస్ అను సూక్ష్మజీవి ఒక విధమైన విషమును తయారు చేయును. ఆ విషమును తయారు చేయు జన్యువును పత్తి మొక్కలో చేర్చిరి. ఒక జన్యువుగల పత్తికి 2002లోను, రెండు జన్యువులుగల పత్తికి 2006లోను మన దేశములో అనుమతి వచ్చినది. అంతకు ముందు మన స్థితి ఎట్లుండెనో యువకులకు తెలియదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలోను, 1997-98లో వరంగల్లులోను ఎన్ని మందులు కొట్టినను పురుగు చావక, అప్పులు తీరక రైతులు ప్రాణములు తీసికొనిరి. అట్టి కాలములో బి.టి. పత్తి వచ్చి శనగపచ్చ పురుగును అణచినది, మందు కొట్టుట తగ్గినది. ఈ మేలును కాదనువారితో నేను ఏకీభవింపను. పదేండ్లు తిరుగకముందే దేశములోని పత్తి విస్తీర్ణములో నూటికి తొంబది వంతులు బి.టి. అయినదనగా రైతులు ఊరకే కొనలేదు గదా.

అయితే ఈ విషము ప్రతి మొక్కలో, ప్రతి ఆకులో, పంట కాలమంతయు ఉండును. డబ్బాలోని మందును పురుగు కనబడినప్పుడు కొట్టి తరువాత మానవచ్చును. దీనిని మానుట మన చేతిలో లేదు. లక్షల పురుగులలో ఏ ఒకటో రెండో ఈ విషమును తట్టుకొనగలిగి ఉండును. ఊరంతయు బి.టి. పత్తియే ఉన్నప్పుడు మిగిలినవన్నియు చచ్చి ఆ తట్టుకొన్నవే బ్రతుకును. వాటికి వాటిలోనే జత కుదురును, ఆ సంతానమంతయు మొండిదే అగును. అదే పక్కన అయిదు సాళ్లు మామూలు పత్తి ఉన్నచో అక్కడ వేలకొలది మామూలు పురుగులు పెరిగి రెక్కల పురుగులై ఎగురును. మొండి పురుగుకు ఆ గుంపులోనే జత దొరకును. తల్లి నుండియో తండ్రి నుండియో మాత్రమే ఆ గుణము పొందిన పిల్లలు సాధారణముగ బి.టి. పత్తిపై బ్రతుకజాలవు. పెద్దాయన చెప్పిన కౌలు ఇదియే. అది పురుగుకు కట్టునది కాదు, విత్తనములోని మందు చెడిపోకుండ కట్టునది.

ఆ కౌలు మనము కట్టలేదు. ఒక జన్యువు పత్తిని గులాబీ రంగు పురుగు తట్టుకొనుచున్నదని గుజరాతులో 2009 పంటలో తేలి 2010లో వెల్లడియైనది. మరి అయిదేండ్లకు రెండవ జన్యువును కూడ దాటి 2015లో అక్కడి చేలలో విజృంభించినది. 2017 నాటికి విదర్భలోను, తెలంగాణలోను, ఆంధ్ర ప్రదేశ్‌లోను కాయ పగులగొట్టినచో లోపల గులాబీ రంగు పురుగే. పుచ్చిన గింజ, రంగు మారిన దూది, కూలి గిట్టని తీత. ఆ సంవత్సరమే యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టుచు విష ప్రభావముచే అనేకులు మరణించిరి. ఏ మందుల బాధ తప్పించుకొనుటకు ఈ విత్తనము తెచ్చుకొంటిమో, ఆ మందుల వద్దకే మరల చేరుకొంటిమి.

ఇది తప్పనిసరియా? కాదు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రములో ఇదే పురుగుపై ఇదే బి.టి. పత్తిని 1996 నుండి వేసిరి. అక్కడి రైతులు ఆశ్రయపు సాళ్లను పదేండ్లపాటు నియమము తప్పక వేసిరి. తరువాత గొడ్డు చేసిన రెక్కల పురుగులను విమానములతో చేలపై వదలిరి. 2018లో ఆ దేశపు పత్తి ప్రాంతములలో గులాబీ రంగు పురుగు నిర్మూలమైనదని అక్కడి వ్యవసాయ శాఖ ప్రకటించినది. పురుగు ఒకటే, విత్తనపు విద్య ఒకటే, ఫలితము వేరు.

నేరమంతయు రైతుపై మోపుట నాకు సమ్మతము కాదు. చిన్న పొట్లములోని గింజలు కొన్నిట మొలకెత్తునవి కావు, కొన్నిట ప్రధాన పంటతో పాటు పూతకు వచ్చునవి కావు. అయిదెకరములవానికి అయిదవ వంతు వదలుకొమ్మని చెప్పుట సులభము, వదలుట కష్టము. మన దేశములో బి.టి. జన్యువును సూటి రకములలో గాక దాదాపుగ సంకరజాతులలోనే ఇచ్చిరి. సంకరజాతి మొక్క కాయలోని గింజలు మరుసటి తరమునకు చెందినవగుటచే కొన్నిటిలో విషము ఉండును, కొన్నిటిలో ఉండదు. గులాబీ రంగు పురుగు తినునది ఆ గింజలనే. చావని మోతాదులో విషమునకు అలవాటు పడుటకు ఇంతకంటె మంచి బడి దానికి వేరొకటి లేదు. ఇక విస్తరణ పనివారమైన మేమును పొట్లము వేయుడని చెప్పితిమే గాని, ఎందుకో చెప్పినది తక్కువ. కంది సాళ్లు వేసితిమి, చాలదా అని కొందరు అడుగుదురు. కంది శనగపచ్చ పురుగుకు ఆశ్రయమిచ్చును, గులాబీ రంగు పురుగు కందిపై బ్రతుకదు.

ఇతర ముప్పులను గూర్చి రెండు మాటలు. కాయతొలుచు పురుగులకు మందు కొట్టుట తగ్గినప్పుడు ఆ మందుకే చచ్చెడి ఇతర పురుగులు తలయెత్తును. ఉత్తర చైనాలో బి.టి. పత్తి వచ్చిన తరువాత రసము పీల్చు నల్లులు పెరిగి, పక్కనున్న పండ్ల తోటలకును ప్రాకినవి. కలుపు మందును తట్టుకొను పత్తి మన దేశములో అనుమతి లేకయే దొంగచాటుగ అమ్ముడగుచున్నట్లు 2017లోనే బయటపడినది. కూలీలు దొరకని రోజులలో అది ఆశ పుట్టించుట సహజమే. కాని అమెరికాలోని జార్జియా రాష్ట్రమున అట్టి పత్తిలో మన తోటకూర జాతికి చెందిన ఒక కలుపు గ్లైఫోసేట్ మందుకు లొంగనిదైనట్లు 2005లో నిర్ధారణయై, చివరకు కూలీలను పెట్టి పీకించవలసి వచ్చినది. బిల్లు లేని గింజ మొలవకపోయినచో నష్టపరిహారము అడుగుటకును దారి ఉండదు.

ఇప్పుడు మామూలు గింజలను విడి పొట్లముగ గాక బి.టి. గింజలలోనే కలిపి అమ్ముచున్నారు. పారవేయుటకు వీలు లేదు గనుక ఇది మేలే. కాని మొండి పురుగు ఇప్పటికే ఊరిలో ఉన్నప్పుడు ఇది ఒక్కటియే చాలదు. నా అభిప్రాయములో అన్నిటికంటె ముఖ్యమైనది పత్తిని డిసెంబరు చివరికి ముగించుట. మరి రెండు క్వింటాళ్లు వచ్చునని నీరు పెట్టి మార్చి వరకు నిలిపిన చేనే పురుగుకు వేసవి విడిది. ఈ పురుగుకు మన ప్రాంతములో పత్తియే దాదాపు ఏకైక ఆహారము. కొన్ని నెలలపాటు ఊరిలో పచ్చి పత్తి కాయ లేనిచో దాని సంతతి తెగును. త్వరగా కోతకు వచ్చు రకమును ఎన్నుకొనుట ఇందులకే.

ఒక్కరు చేసినచో ఇది ఫలింపదు. ఒక చేనిలో నిలిచిన పత్తి చుట్టుప్రక్కల చేలకన్నిటికి పురుగును పంచును. కనుక గ్రామోద్యోగులు, వ్యవసాయ విస్తరణ సిబ్బంది విత్తుటకు ముందే రైతులను ఒకచోట చేర్చి పత్తి ముగించు తేదీని ఊరి తీర్మానముగ వ్రాయించవలెను. పూత దశ నుండి లింగాకర్షక బుట్టలు కట్టి, వరుసగ మూడు రాత్రులు బుట్టకు ఎనిమిదేసి రెక్కల పురుగులు పడినచో వెంటనే ఊరికి తెలుపవలెను. ముడుచుకొనిపోయిన గుడ్డిపూలను ఏరి నాశనము చేయవలెను. జిన్నింగు మిల్లుల ఆవరణలోను బుట్టలు ఉండవలెను, గింజలతో పాటు పురుగు అక్కడకు చేరును.

పత్తి కట్టెను పొయ్యిలోకని చేని గట్టున వామి వేయు అలవాటు మన పల్లెలలో ఉన్నది. ఎండిన కాయలతో కూడిన ఆ వామిలో పురుగు నిద్రించి, తొలకరి పత్తి పూతకు వచ్చు వేళకు లేచును. కట్టెను రోటవేటరుతో చేనిలోనే ముక్కలు చేయించుడు. వంటచెరకు తప్పనిసరియైనవారు ముందుగా కాయలన్నిటిని దులిపి కాల్చి, ఆ తరువాతనే ఇంటికి తరలించుడు.