పైపు పగిలితే తప్పెవరిది? లెక్క బయటపెట్టాలి

పొట్ట దశలో ఉన్న వరికి వారం పది రోజులు నీళ్లందకపోతే దిగుబడి మీద ఆశ వదులుకోవాల్సిందే. సరిగ్గా అలాంటి సమయంలో లిఫ్టు మెయిన్ పైపు పగిలితే, ముందుగా వినిపించే మాట ‘పైపు పాతబడింది’ అనో ‘ఆపరేటరు సరిగా చూసుకోలేదు’ అనో ఉంటుంది. పగిలిన ముక్క మారుస్తారు. ఖర్చు లిఫ్టు కమిటీ నెత్తిన పడుతుంది. కొన్నాళ్లకు ఆ పక్కనే మళ్లీ పగులుతుంది. ఇలా పదేపదే పగిలే చోట ముందుగా అనుమానించాల్సింది వాటర్ హ్యామర్‌ను. అంటే నీరే సమ్మెటగా మారి పైపును లోపలి నుంచి కొట్టడం. ఈ దెబ్బ ఎంత ఉంటుందో పైపు వేయకముందే లెక్కగట్టవచ్చు. ఆ లెక్క రైతుల చేతికి రావాలన్నదే మా వాదన.

మీటరు వ్యాసం ఉన్న పైపు 3 కిలోమీటర్ల పొడవుంటే అందులో దాదాపు 2,350 టన్నుల నీరు ఉంటుంది. అంత బరువు గట్టు మీదికి పరుగెడుతుండగా కరెంటు పోతుంది. మోటారు కొద్ది సెకన్లలో ఆగిపోతుంది కానీ నీరు ఆగదు. వచ్చిన ఊపుతో ఇంకా ముందుకే పోతుంది. వెనుక ఒత్తిడి పడిపోతుంది. పైపు మిట్ట ఎక్కి దిగే చోట నీటి ధార తెగి ఖాళీ ఏర్పడవచ్చు. ఊపు తగ్గాక అదే నీరు వెనక్కి తిరిగి, ఖాళీని మూసేస్తూ, పంపు దగ్గరి నాన్ రిటర్న్ వాల్వును గుద్దుకుంటుంది. పంప్‌హౌస్‌లో ఆపరేటరుకు వినిపించే ‘ధన్’ మనే చప్పుడు అదే.

1890ల చివర్లో మాస్కో నగర నీటి పైపుల మీద ప్రయోగాలు చేసి నికొలాయ్ జుకోవ్‌స్కీ ఈ దెబ్బకు సూత్రం కట్టాడు. దాని ప్రకారం సెకనుకు మీటరు వేగంతో పోతున్న నీరు ఉన్నట్టుండి ఆగితే, ఉక్కు పైపులో చదరపు సెంటీమీటరుకు దాదాపు 10 కిలోల అదనపు ఒత్తిడి పుడుతుంది. పీవీసీ పైపు కొంత సాగుతుంది కనుక అందులో 3 నుంచి 4 కిలోలు. మామూలుగా 4 కిలోల ఒత్తిడితో నడిచే లైనుకు 6 కిలోల పీవీసీ పైపు సరిపోతుందని అనుకుంటాం. ఈ దెబ్బను కలిపి చూస్తే అది చాలదు. కరెంటు ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు ఆ పైపు ఈ దెబ్బ తింటుంది.

నూట పాతికేళ్ల కిందటి సూత్రం ఒక్క దెబ్బకు సరిపోతుంది. మలుపులు, మిట్టలు, నాలుగైదు మోటార్లు ఉన్న లైనుకు కంప్యూటర్ నమూనా కావాలి. పైపును చిన్న ముక్కలుగా విడగొట్టి, సెకనులో కొంత భాగం చొప్పున ఒత్తిడి తరంగం ఎటు పోతుందో, ఎక్కడ తిరిగి తగులుతుందో అది చూపిస్తుంది. విరివిగా వాడే ఎపానెట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ నిలకడ ప్రవాహానికి లెక్క చెబుతుంది కానీ ఈ దెబ్బను లెక్కించదు. కాబట్టి ‘హైడ్రాలిక్ డిజైన్ చేశాం’ అని అధికారులు అంటే సరిపోదు. సర్జ్ లెక్క చేశారా అని అడగాలి. అన్ని మోటార్లూ ఒకేసారి ఆగితే ఏమవుతుంది? ఒక ఎయిర్ వాల్వు పని చేయకపోతే ఏమవుతుంది? ఈ రెండింటికీ జవాబు లేని నమూనా కాగితానికే పనికొస్తుంది.

పరిష్కారాలు కొత్తవేమీ కావు. నీటి వేగం సున్నా అయ్యే క్షణానికే మూసుకునే జీరో వెలాసిటీ వాల్వులు, ఎయిర్ కుషన్ వాల్వులు, ఎయిర్ వెసెల్స్ ఉన్నాయి. కాళేశ్వరంలో 139 మెగావాట్ల మోటార్లున్న గాయత్రి పంప్‌హౌస్‌కు భూగర్భంలో సర్జ్‌పూల్ తవ్వారు. మోటార్లు ఆగినప్పుడు సొరంగంలో వచ్చే నీరు సర్దుకోవడానికి చోటు కావాలి కనుకే తవ్వారు. పెద్ద పథకానికి ఉన్న ఈ జాగ్రత్త ఐదు వందల ఎకరాల లిఫ్టుకూ కావాలి. అక్కడ పైపు పగిలితే వార్త కాదు, కానీ పంట పోయేది రైతుదే.

మన కమిటీలు చేయాల్సినవీ ఉన్నాయి. పైపు పగిలిన రోజు, గంట, ఆ ముందు కరెంటు పోయిన సమయం రిజిస్టరులో రాయండి. రెండూ పదేపదే కలుస్తుంటే అది మీ చేతిలోని సాక్ష్యం. నీరు కారుతోందని ఎయిర్ వాల్వు కట్టేయకండి, బాగు చేయించండి. కరెంటు రాగానే ఆటో స్టార్టర్లతో మోటార్లన్నీ ఒకేసారి ఎత్తుకోనివ్వకండి. పైపులో నీరు నిలకడకు వచ్చాక ఒక్కొక్కటిగా వేయండి. డెలివరీ వాల్వును మెల్లగా తిప్పండి.

అయితే రైతు జాగ్రత్త డిజైను లోపాన్ని పూడ్చలేదు. అందుకే ప్రభుత్వాన్ని డిమాండ్ చేస్తున్నాం. లిఫ్టును కమిటీకి అప్పగించే ముందు సర్జ్ విశ్లేషణ నివేదికను తెలుగులో ఇవ్వాలి. రైతుల ఎదుట మోటార్లు ఆపి, ప్రెజర్ రికార్డరు పెట్టి, నమూనా చెప్పిన ఒత్తిడీ పైపులో వచ్చిన ఒత్తిడీ సరిపోయాయో చూపించాలి. మోటారు మార్చినా, ఆయకట్టు పెంచి లైను పొడిగించినా లెక్క మళ్లీ చేయాలి. సర్జ్ లెక్క లేకుండా వేసిన లైను పగిలితే మరమ్మతు ఖర్చు, పంట నష్టం రెండూ ప్రభుత్వమే భరించాలి. ఈ నెల కమిటీ సమావేశాల్లో ప్రతి లిఫ్టు నుంచీ ఒకే దరఖాస్తు వెళ్లాలి: మా పైపుకు సర్జ్ లెక్క ఉందా, ఉంటే చూపించండి.