సింహం నోట్లో కడియం

పిల్లలూ!

మీ తరగతిలో ఒక అమ్మాయి పదిహేను రోజులుగా బడికి రాలేదనుకోండి. వాళ్ళ అక్క జబ్బుచేసి చనిపోయిందని మాస్టారు చెప్పారు. ఇవాళ ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. పుస్తకాల సంచీ ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని కూర్చుంది. మీకు జాలిగానే ఉంది. కాని ఏమని పలకరించాలి? అక్క మాట ఎత్తితే ఏడుస్తుందేమో! ఎత్తకపోతే మనకేమీ పట్టనట్టు ఉంటుందేమో! ఇలా తటపటాయిస్తూ ఉండగానే సాయంత్రం బడిగంట కొడతారు. ఆ అమ్మాయి ఒక్కతే ఇంటికి వెళ్ళిపోతుంది.

అటువంటప్పుడు ఏం చెయ్యాలి? వెనకటికి ఇద్దరు ఆడపిల్లలు ఏం చేశారో చెబుతాను, వినండి.

పోలండు దేశంలో వార్సా అనే నగరం ఉన్నది. అప్పట్లో ఆ నగరం రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. అక్కడ లెక్కలూ, భౌతికశాస్త్రమూ చెప్పే పంతులుగారు ఒకాయన ఉండేవారు. ఆయనకు అయిదుగురు పిల్లలు. అందరికన్న పెద్దది జోసియా, చిన్నది మాన్యా. జోసియా చెల్లెళ్ళకూ తమ్ముడికీ కథలు కల్పించి చెప్పేది.

సంసారం గడవటం కష్టమై పంతులుగారు కొందరు విద్యార్థులకు తమ ఇంట్లోనే బసా, భోజనమూ ఇచ్చేవారు. వారిలో ఒకరికి టైఫస్ జ్వరం తగిలింది. అది జోసియాకూ సోకింది. 1876లో జోసియా కన్నుమూసింది. అప్పటికి మాన్యాకు ఎనిమిదేళ్ళు. ఆ తరువాత 1878లో తల్లి కూడా క్షయవ్యాధితో పోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అక్కో, తమ్ముడో పోయిన పిల్లలు ఎవరికీ చెప్పకుండా లోలోపల కుమిలిపోతూ ఉంటారు. "ఆవేళ నేను అక్కతో పోట్లాడాను. అందుకే ఇలా జరిగిందేమో!" అనుకుంటారు. అది నిజం కాదు. పోట్లాట వల్ల ఎవరికీ జబ్బు రాదు. టైఫస్ జ్వరాన్ని ఒకరినుంచి ఒకరికి చేరవేసేది బట్టల్లో చేరే చీరపేలు. ఈ సంగతిని షార్ల్ నికోల్ అనే ఫ్రెంచి వైద్యుడు 1909లో కనిపెట్టాడు. జోసియా పోయేనాటికి ఎవరికీ తెలియదు. జబ్బుకు కారణం క్రిములే కాని, చిన్నపిల్లల మాటలు కావు.

సరే, మాన్యా పెద్దబడిలో చేరింది. అక్కడ కాజ్యా అనే అమ్మాయి స్నేహమయింది. కాజ్యా తండ్రి ఒక గొప్ప ప్రభువుగారి గ్రంథాలయం చూసుకునేవాడు. ఆ ప్రభువుగారి మేడను నీలిభవనం అనేవారు. కాజ్యావాళ్ళ కాపురం అక్కడే. మేడ వాకిట కంచు సింహాలు ఉండేవి. వాటి నోళ్ళలో బరువైన కడియాలు ఉండేవి.

రోజూ పొద్దున మాన్యా ఆ సింహాల దగ్గర ఆగేది. ఇద్దరూ కలిసి కబుర్లు చెప్పుకుంటూ బడికి నడిచేవారు. కాజ్యా ఇంకా రాకపోతే మాన్యా సింహం నోట్లోని కడియాన్ని పైకెత్తి దాని ముక్కు మీదికి తిప్పి వెళ్ళేది. "నేను వచ్చాను, ముందు నడుస్తున్నాను. త్వరగా వచ్చి కలుసుకో!" అని దాని అర్థం. కాజ్యా ఆ కడియం చూసి పరుగెత్తేది.

కాజ్యా తల్లిదండ్రులు కూడా మాన్యాకు తల్లి లేని కొరత తెలియకుండా తమ పిల్లలాగే చూసుకునేవారు.

చూశారా! ఆ స్నేహంలో వింతలేమీ లేవు. కాజ్యా జోసియాను తిరిగి తేలేదు, తేలేదు కూడా. ఎవరూ తేలేరు. కాని రోజూ పొద్దున మాన్యా కోసం ఎదురుచూసే మనిషి ఒకతె ఉన్నది. అదే గొప్ప సంగతి.

కనుక రేపు పొద్దున మీరు ఆ అమ్మాయి ఇంటి గుమ్మంలో నిలబడి, "బడికి పోదాం, వస్తావా?" అనండి. రానంటే, "సరే, రేపు వస్తాను" అని చెప్పి, మాట తప్పకుండా వెళ్ళండి. తను అక్క మాట ఎత్తితే శ్రద్ధగా వినండి. ఏడిస్తే పక్కనే ఉండండి. నవ్వితే, "అప్పుడే మరిచిపోయిందే!" అనుకోకండి. ఒక్క రోజులోనే ఏడుపూ, నవ్వూ రెండూ వస్తాయి. చాలా రోజులుగా అన్నం తినకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే మాత్రం మీ మాస్టారితోనో, అమ్మతోనో చెప్పండి. అది చాడీ చెప్పటం కాదు.

మీలో ఎవరికైనా ఆ కష్టం వచ్చి ఉంటే, మీకూ ఒక మాట. స్నేహితులతో ఆడుకున్నంత మాత్రాన మీ అన్నయ్యనో, చెల్లినో మరిచిపోయినట్టు కాదు. వాళ్ళను తలుచుకోవచ్చు, ఆడుకోవచ్చు కూడా.

పెద్దలకు ఒక మనవి. అటువంటి పిల్ల మీ ఇంటికి వస్తే ప్రశ్నలు వేసి విసిగించకండి. మీ పిల్లలతో పాటు ఇంకొక పళ్ళెం పెట్టండి, చాలు.

ఇంతకూ ఆ మాన్యా ఎవరో తెలుసా? పెద్దయ్యాక రేడియంను కనుక్కుని, 1903లోనూ 1911లోనూ నోబెల్ బహుమానం పొందిన మేరీ క్యూరీయే! 1895లో తన పెళ్ళి కబురు ఆమె కాజ్యాకు ఉత్తరం వ్రాసి చెప్పింది. సింహాల దగ్గర మొదలైన స్నేహం అంతకాలం నిలిచింది.

మీ వీధిలో కంచు సింహం ఉండకపోవచ్చు. గుమ్మం తలుపుకు గొళ్ళెం ఉంటుంది కదా! రేపు పొద్దున వెళ్ళి అది తట్టండి.

మీ
అక్కయ్య