చీటింగ్ అంటే ఏ చీటింగ్?

మొన్న ఆదివారం నేరేడ్‌మెట్‌లో మా ఇంట్లో తమ్ముడితో క్యారమ్స్ ఆడుతున్నా. వాడు మోచేత్తో కాయిన్ జరిపాడు. "చీటింగ్!" అని అరిచాను. అమ్మమ్మ కంగారుగా వచ్చి, "ఎవరు మోసం చేశార్రా?" అంది. గేమ్‌లో అని చెప్తే, "ఓస్, తొండి ఆటా!" అని నవ్వి వెళ్లిపోయింది.

ఆమె కంగారుకి కారణం ఉంది. రెండేళ్ల కింద మా వీధిలో చీటీలు నడిపే ఒకావిడ అందరి డబ్బుతో మాయమైంది. అందులో అమ్మమ్మవి అరవై వేలు. ఇంట్లో అప్పుడు రోజూ వినిపించిన మాట "చీటింగ్ కేసు".

ఒకే మాట ఎన్ని చోట్ల తిరుగుతోందో చూడండి. గేమ్‌లో చీట్ కోడ్ అంటే సరదా. పైథాన్ చీట్ షీట్ అంటే చదువు, గోడకి అంటించుకుంటాం. డైట్‌లో చీట్ డే అంటే బిర్యానీ. ప్రేమలో చీటింగ్ అంటే గుండె పగలడం. పోలీసులకైతే నిన్నటి దాకా ఐపీసీ 420, 2024 జులై 1 నుంచి బీఎన్‌ఎస్ 318, ఏడేళ్ల దాకా జైలు.

అసలీ మాట 'ఎస్చీట్' నుంచి పుట్టింది. అంటే వారసులు లేని ఆస్తి ప్రభువుకి చేరడం. ఇంగ్లండ్‌లో ఆ ఆస్తులు చూసే అధికారులకి ఎంత చెడ్డపేరు వచ్చిందంటే, చివరికి ఆ మాటే మోసానికి పేరైపోయింది. పాత అర్థంతో మన రాజ్యాంగం 296వ ఆర్టికల్‌లో ఇప్పటికీ ఉంది.

మన తెలుగులో దేనికదే. ఆటలో తొండి, పరీక్షలో కాపీ, డబ్బు ఎగ్గొడితే కుచ్చుటోపీ, నమ్మినవాణ్ణి ముంచితే నమ్మకద్రోహం. మాట వినగానే దెబ్బ ఎంతో తెలిసిపోతుంది.

ఇదంతా ఎందుకంటే, పోయిన సెమ్‌లో నా ఫ్రెండ్ లాజిక్ అర్థం చేసుకోమని కోడ్ పంపాడు. నేను వేరియబుల్ పేర్లు మార్చి, వాడికంటే ముందే సబ్మిట్ చేశా. ఇద్దరికీ సున్నా వచ్చింది. "సారీ రా, చిన్న చీటింగ్" అన్నా. వాడేం మాట్లాడలేదు. ఆ ఇంగ్లీష్ మాట వెనక దాక్కోవడం ఎంత ఈజీనో అప్పుడు తెలియలేదు.

అచ్చ తెలుగే మాట్లాడమని నేను అనను, నాకే సరిగ్గా రాదు. కానీ "చీటింగ్" అనే ముందు, అది తెలుగులో ఏమవుతుందో ఒక్కసారి అనుకుని చూడండి.

ఈ మ్యాగజైన్ వాడూ చదువుతాడు. రేయ్, ఆ రోజు నేను చేసింది తొండి కాదు. మోసం.