తేదీలు మన చేతిలో ఉండాలి

ఆడిటర్ ఆఫీసుకు నెలంతా తేదీలతోనే పని. 7న టీడీఎస్ కట్టాలి, 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బీ వేయాలి. పన్ను కట్టాల్సిన రిటర్ను గడువు దాటితే రోజుకు 50 రూపాయల చొప్పున ఆలస్య రుసుము పడుతుంది. మధ్యలో హియరింగులు సరేసరి. ఇలాంటి చోట ఫోన్‌లోని గూగుల్ క్యాలెండర్ ఒకటి చెప్పి, టేబుల్ మీది కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ అనే ప్రోగ్రాం ఇంకొకటి చెబితే నష్టపోయేది క్లయింటు. రెంటినీ కలపడం ఐదు నిమిషాల పనే. అయితే నేను చూసినవాళ్లలో చాలామంది సగమే కలిపి ఊరుకుంటున్నారు.

గూగుల్ క్యాలెండర్ సెట్టింగుల్లో ఐకాల్ రహస్య చిరునామా అని ఒక లింకు ఉంటుంది. దాన్ని థండర్‌బర్డ్‌లో పెట్టగానే తేదీలన్నీ వచ్చేస్తాయి, పని అయిపోయిందనిపిస్తుంది. కానీ ఆ దారిలో తేదీలు చూడటమే తప్ప మార్చడానికి వీల్లేదు. పైగా ఆ లింకు ఎవరి చేతిలో పడినా పాస్‌వర్డు లేకుండానే మన అపాయింట్‌మెంట్లన్నీ చదివేయొచ్చు. ఇప్పటికే ఎవరికైనా పంపి ఉంటే ఈరోజే రీసెట్ నొక్కండి.

సరైన దారి కాల్‌డావ్. 2007లో వచ్చిన బహిరంగ ప్రమాణం ఇది. థండర్‌బర్డ్‌లో కొత్త క్యాలెండర్, నెట్‌వర్క్ అని ఎంచుకుని జీమెయిల్ అడ్రసు ఇచ్చి, గూగుల్ అడిగిన అనుమతి ఇస్తే చాలు. ఆపైన ఎక్కడ మార్చినా రెండో చోటా మారుతుంది. ప్రతి ఎంట్రీకీ దానిదే అయిన ఒక గుర్తు, ఎప్పటి ప్రతో తెలిపే మరో గుర్తు ఉంటాయి. కంప్యూటర్ తన మార్పును పంపేటప్పుడు ఏ ప్రతిని మార్చిందో కూడా చెబుతుంది. ఈలోగా ఫోన్‌లో ఎవరైనా హియరింగ్ తేదీ మార్చేసి ఉంటే, సర్వర్ ఆ పాత ప్రతిని ఒప్పుకోదు. ఇద్దరు జూనియర్లు ఒకే ఎంట్రీ మీద చెయ్యి పెట్టే ఆఫీసుకు ఇంతకంటే ఏం కావాలి?

అయితే చెరిపినా రెండు చోట్లా చెరిగిపోతుంది. గూగుల్ చెత్తబుట్టలో 30 రోజులు ఉంటుంది, అంతే. అందుకే నెలకోసారి ఐసీఎస్ ఫైలుగా దించుకుని పెట్టుకోవాలి. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అదంతా మామూలు అక్షరాలే: ఎప్పుడు మొదలు, ఎప్పుడు ముగింపు, ఎన్నాళ్లకోసారి తిరిగొస్తుంది. ఏ కంపెనీ మూతపడినా ఆ ఫైలు చదవొచ్చు.

ఇది ఉత్త భయం కాదు. 2013 మార్చిలో గూగుల్ తాను అనుమతించిన డెవలపర్లకు తప్ప మిగతావాళ్లకు కాల్‌డావ్ మూసేస్తామని ప్రకటించింది. అభ్యంతరాలు రావడంతో జూన్‌లో వెనక్కి తగ్గింది. అవుట్‌లుక్ కోసం తానే ఇచ్చిన సింక్ ప్రోగ్రాం మాత్రం 2014 ఆగస్టు 1తో ఆగిపోయింది. మన తేదీలు ఒక కంపెనీ దయ మీద ఉండకూడదని నా పట్టుదల. సాఫ్ట్‌వేర్ కొనేముందు ఆఫీసులు అడగాల్సిన మొదటి ప్రశ్న, కాల్‌డావ్ ఉందా అని. ఏళ్లుగా మన ఆఫీసుల్లో వాడుతున్న పాత అవుట్‌లుక్‌లో అది లేనే లేదు.

మన ఇళ్ల అవసరం ఇంకొకటి ఉంది. తద్దినాలు, పండగలు తిథిని బట్టి వస్తాయి. ఏటా అదే తేదీకి రమ్మంటే కుదరదు. చైనా, హీబ్రూ క్యాలెండర్ల ప్రకారం తిరిగొచ్చే ఎంట్రీలకు 2015లో ప్రమాణం వచ్చింది. ఆ జాబితాలో మన జాతీయ శక క్యాలెండర్ ఉంది కానీ, అది సూర్యమానం. మన చాంద్రమానం లేదు. అందుకే ప్రతి ఉగాదికీ పంచాంగం ముందేసుకుని అన్నీ మళ్లీ చేత్తో ఎక్కించాల్సి వస్తోంది. ఈ ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్ చర్చల్లో ఎవరైనా చేరవచ్చు, సభ్యత్వ రుసుము లేదు. పంచాంగ గణితం తెలిసినవాళ్లూ, ప్రోగ్రాం రాసేవాళ్లూ హైదరాబాద్‌లోనే ఉన్నారు. ఇద్దరూ కూర్చుని తిథికి ఒక నియమం రాసి అక్కడికి పంపాలి. అధిక మాసం వచ్చిన ఏడు ఏం చేయాలి, ఏ ఊరి సూర్యోదయం లెక్క తీసుకోవాలి అన్నవి ముందు తేల్చాలి. కష్టమంతా అక్కడే ఉంది.