నాయనతో ఆ మాట ఎలా?

రుద్రవరం నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. తండ్రికి డెబ్బయ్యారేళ్లు. ఇల్లూ, నాలుగెకరాలూ ఆయన స్వార్జితం. "వీలునామా మాటెత్తితే, నేనెప్పుడు పోతానా అని కాచుకున్నారా అంటాడు. అన్నలిద్దరూ నన్నే అడగమంటారు. ఏం చెయ్యను?"

అమ్మా, ఆయన కోపంలో తప్పేముంది? పండక్కి వచ్చి, విస్తళ్లు ఎత్తకముందే పొలం సంగతి కదిపితే ఎవరి మనసైనా చివుక్కుమంటుంది. పొలం వదిలెయ్యండి. ఆయన తీరికగా అరుగుమీద కూర్చున్నప్పుడు, మీరొక్కరే వెళ్లి, "నాయనా, నీ తర్వాత అమ్మ ఈ ఇంట్లోనే ఉండాలి గదా?" అనండి.

ఎందుకంటే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేని స్వార్జితంలో భార్యకూ, ముగ్గురు బిడ్డలకూ సమభాగాలు. ఏళ్ల తరబడి ఊడ్చి అలికిన ఇంట్లో మీ అమ్మగారికి దక్కేది పావు వంతు! ఈ సంగతి తెలిస్తే ఆయనే కాగితం, కలం తెమ్మంటారు.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు. ఇద్దరు సాక్షుల సంతకాలుండాలి. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గాని, చేయిస్తే మేలు. బతికున్నన్నాళ్లూ ఆయన దాన్ని మార్చుకోవచ్చు. ఇది తప్పక చెప్పండి, సగం భయం పోతుంది. అన్నలు దానపత్రం అంటే మాత్రం తొందరపడకండి, ఆస్తి అప్పుడే చేతులు మారుతుంది. పోషించాలన్న షరతు అందులో రాయించుకుంటే, మాట తప్పినవారిపై 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం కింద రద్దు కోరవచ్చు.

"నాకేమీ వద్దు నాయనా" అని మాత్రం అనకండి. ఆయన నమ్మరు.

మొదటిరోజు ఆయన తువ్వాలు దులుపుకొని లేచి పోవచ్చు. పోనివ్వండి. నెల తర్వాత మళ్లీ అడగండి.