గుమ్మం ఉంటే ఇల్లున్నట్టేనా?

మన రాతకోతలన్నీ కంప్యూటరులో ఎక్కడున్నాయని అడిగితే చాలామంది మిత్రులు "డి డ్రైవులో" అని ఠక్కున చెబుతారు. ఈ అక్షరాల పద్ధతి 1970ల నాటి సీపీఎమ్ నుంచి డాస్‌కూ, అక్కణ్ణుంచి విండోస్‌కూ వచ్చింది. 1969లో బెల్ లాబ్స్‌లో థాంప్సన్, రిచీలు మొదలుపెట్టిన యూనిక్స్ దారి వేరు. అక్కడ అక్షరాల్లేవు; ఉన్నది ఒకటే చెట్టు. పెన్‌డ్రైవైనా, పక్క భవనంలోని సర్వరైనా ఆ చెట్టుకు ఏదో ఒక కొమ్మ దగ్గర తగిలించుకోవాలి. దాని పేరే మౌంట్. లినక్స్‌దీ అదే పద్ధతి.

విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ 2016లో వచ్చాక ఈ రెండు పద్ధతులూ ఒకే తెరమీద ఎదురుపడ్డాయి. యంత్రంలో స్థిరంగా ఉండే డిస్కులు అందులో వాటంతటవే కనబడతాయి. తర్వాత గుచ్చిన పెన్‌డ్రైవుకూ, నెట్‌వర్కు డ్రైవుకూ మాత్రం మౌంట్ ఆదేశం మనమే ఇవ్వాలి. "ఈ గొడవంతా ఎందుకు? మౌసుతో లాగి పడేస్తే పోలా?" అనేవాళ్ళు లేకపోలేదు. రోజువారీ పనికి అది చాలు, కాదనను. కానీ అర్ధరాత్రి దానంతటదే నకలు తీసే స్క్రిప్టు రాసుకున్నప్పుడు మౌసు పట్టే చెయ్యి ఎక్కణ్ణుంచి వస్తుంది?

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. డ్రైవు తగిలించడానికి ముందుగా ఒక ఖాళీ ఫోల్డరు పెట్టుకుంటాం. డ్రైవు తగలకపోయినా ఆ ఫోల్డరు అలాగే ఉంటుంది. అందులోకి ఫైళ్ళు కాపీ చేస్తే కంప్యూటరు కిక్కురుమనదు. తన సొంత డిస్కులోనే దాచేస్తుంది. సర్వరులో రెండో ప్రతి ఉందన్న ధీమాతో మనముంటాం. డిస్కు చెడిన రోజున రెండూ పోతాయి, వాటితోపాటు ఏడాది ప్రాజెక్టూ పోతుంది. గుమ్మం చూసి ఇల్లుందనుకోవడమంటే ఇదే!

విరుగుడు కష్టమేం కాదు. కాపీకి ముందు డీఎఫ్ అనే పొట్టి ఆదేశమిస్తే ఆ ఫోల్డరు ఏ డిస్కు మీదుందో తెలుస్తుంది. పనయ్యాక యుమౌంట్ ఇవ్వాలి. మెమరీలో మిగిలిపోయిన రాత డ్రైవులోకి పూర్తిగా చేరేది అప్పుడే. ఆ తర్వాతే పెన్‌డ్రైవు పీకాలి.

మొదటి సంవత్సరం ల్యాబులో తొలివారమే ఈ మూడు ఆదేశాలూ ప్రతి విద్యార్థి చేతా చేయించాలని అధ్యాపకులకు నా మనవి. ఆపరేటింగ్ సిస్టమ్ నిర్వచనం పరీక్ష మర్నాడు మరచిపోయినా కొంప మునగదు. తన రాత ఎక్కడుందో తెలియకపోతే మునుగుతుంది. ఈలోగా సీనియర్లమే ఒక సాయంత్రం కూర్చుని జూనియర్లకు చూపిస్తే తప్పేముంది?